తలనొప్పి దవడలో పుడితే

(నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో దంతవైద్య బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



గేదెను కొనబోయేటప్పుడు మీరు ముందుగా చేసే పని దాని నోరు తెరచి చూడటం. రెండు పళ్ళు వేసిందా, నాలుగు వేసిందా, కడపళ్ళు కూడా వచ్చేశాయా అని చూసి, అమ్మేవాడు చెప్పిన వయసు నిజమో కాదో అక్కడికక్కడే తేల్చేస్తారు. ఆ విద్యలో మీ ముందు మేము నిలవలేము. కాని ఇంట్లో మనిషికి ఏళ్ళ తరబడి తలనొప్పి వస్తుంటే మాత్రం నోరు తెరచి చూడాలని ఎవరికీ తోచదు. కళ్ళు పరీక్ష చేయిస్తారు, అద్దాలు మారుస్తారు, సైనస్ అంటే ఎక్స్‌రే తీయిస్తారు, దిష్టి తగిలిందంటే దిష్టి తీస్తారు. ఏదీ పనిచేయకపోతే మందుల షాపులో మాత్ర కొని మింగి పాల క్యాను ఎత్తుకుంటారు. ఈ పూట మేము మాట్లాడబోయేది అటువంటి తలనొప్పుల్లో ఒక రకాన్ని గురించి. నొప్పి తెలిసేది కణతల్లో, పుట్టేది దవడలో.

ముందే ఒక మాట మనవి చేస్తాము. తలనొప్పులన్నీ దవడవల్ల వచ్చేవి కావు. లోకంలో ఎక్కువమందికి వచ్చేది తల చుట్టూ పట్టేసినట్లుండే మామూలు తలనొప్పి, ఆ తరువాత పార్శ్వనొప్పి. దవడ జబ్బువల్ల వచ్చేది ఒక భాగం మాత్రమే. అయితే అది నిజమైన భాగమే. 2018లో వెలువడిన తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణ మూడవ కూర్పులో దీనికి ప్రత్యేకంగా స్థానం ఇచ్చారు. మగవారికంటె ఆడవారిలో ఈ బాధ ఎక్కువ. పాల సంఘాల సమావేశంలో ఈ సంగతి ఎత్తుకోవడానికి అదొక కారణం. మన సంఘాల్లో పేరు ఎవరిదైనా, తెల్లవారుజామున లేచి పాలు పితికేది ఎక్కువ ఇళ్ళలో ఆడవారే గదా!

ఇప్పుడు కూర్చున్నచోటనే ఒక పని చేయండి. రెండు చేతుల చూపుడువేళ్ళు చెవుల ముందు, చెవి తమ్మెకు కాస్త పైగా, ఆనించి నోరు మెల్లగా తెరచి మూయండి. వేలి కింద ఒక ముడి ముందుకు జరిగి వెనక్కు వస్తుంది. అదే దవడ కీలు. మోకాలు మడత బందులాగా ఒక్క తీరున తిరుగుతుంది. ఇది అలా కాదు. తిరుగుతూ ముందుకు జారుతుంది కూడా. ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తని బిళ్ళ ఒకటి ఉంటుంది. ఆ బిళ్ళ కొంచెం పక్కకు జరిగితే నోరు తెరచినప్పుడు టక్కుమని చప్పుడవుతుంది. ఇక్కడ ఉన్నవారిలోనే కొందరికి ఆ చప్పుడు వినిపించి ఉంటుంది. నొప్పిలేని చప్పుడుకు భయపడనక్కరలేదు, వైద్యమూ అక్కరలేదు.

ఇక వేళ్ళు కణతల మీదికి జరిపి పళ్ళు గట్టిగా కరవండి. కణత కింద కండ ఉబుకుతుంది. అది విసనకర్రలాగా చెవిపై భాగమంతా పరచుకుని, కిందికి వచ్చి దవడ ఎముకను పట్టుకుంటుంది. మనం కణతనొప్పి అనుకునే చోటు చాలావరకు నమిలే కండే! బుగ్గ వెనుక, దవడ మూల దగ్గర ఇంకొక కండ ఉంది; అది ఇంకా బలమైనది. ఈ కండలను వేలితో నొక్కినప్పుడు మీకు రోజూ వచ్చే నొప్పే, అదే తీరున, మళ్ళీ పుట్టిందనుకోండి. నమిలినప్పుడు, ఆవలించినప్పుడు ఆ నొప్పి పెరుగుతోందనుకోండి. అప్పుడు దవడను అనుమానించాలి. ఊరికే నొక్కితే ఎవరికైనా కొంచెం నొప్పి ఉంటుంది. ముఖ్యం అది కాదు, పాత నొప్పిని ఆనవాలు పట్టడం.

మరి ఈ కండలు ఎందుకు నొప్పి పెడతాయి? గేదె రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. పైదవడ ముందు భాగంలో దానికి పళ్ళే లేవు, గట్టి చిగురు మాత్రమే. వెనుక దంతాలతో అడ్డంగా నూరుకుంటూ హాయిగా పడుకుంటుంది. దాని దవడ ఆ పని కోసమే తయారయింది. మన దవడ అందుకు కాదు. మనిషి తినేటప్పుడు, మింగేటప్పుడు పై పళ్ళు కింది పళ్ళు తగిలే సమయం రోజు మొత్తం కలిపినా అరగంట లోపే. తక్కిన వేళంతా పెదవులు కలిసి ఉన్నా పళ్ళు విడిగానే ఉండాలి. ఈ మాట వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు. పళ్ళు కలిపి ఉంచడమే మర్యాదైన తీరని అనుకుంటారు.

మన భాషలో ఒక మాట ఉంది: పంటి బిగువున భరించడం. ఆ మాట పుట్టించినవారు ఏదీ ఊరికే అనలేదు. గడ్డిమోపు తలకెత్తుకునేటప్పుడు, క్యాను ఎత్తేటప్పుడు, అప్పు వాయిదా గుర్తొచ్చినప్పుడు, మిరప ధర పడిపోయిన కబురు విన్నప్పుడు మనకు తెలియకుండానే పళ్ళు కరచుకుంటాయి. కొందరు నిద్రలో నూరుతారు. కండ ఎంత బలమైనదైనా విశ్రాంతి లేకపోతే సలుపుతుంది. రోజంతా పత్తి తీసిన నడుము రాత్రికి ఎలా ఉంటుందో, రాత్రంతా బిగిసిన దవడ తెల్లవారేసరికి అలాగే ఉంటుంది.

ఒక సభ్యురాలి సంగతి చెప్తాము. ఊరూ పేరూ చెప్పము. నలభై ఏళ్ళ మనిషి, నాలుగు గేదెల పాడి. ఆరేళ్ళుగా కణతల్లో నొప్పి. లేస్తూనే మొదలయ్యేది. అద్దాలు రెండుసార్లు మార్చారు. ఒకచోట పై దంతం పుచ్చిందన్నారు, తీసేశారు. నొప్పి పోలేదు. ఆ పక్కదే అయి ఉంటుందని అదీ తీశారు. పోయినవి రెండు దంతాలు, ఉన్నది అదే నొప్పి. ఆ పక్క నమలలేక రెండో పక్కనే నమలడం అలవాటయి, ఆ పక్క దవడ కూడా పట్టేసింది. మేము చూస్తే తక్కిన దంతాలు బాగానే ఉన్నాయి. దవడ కండలు మాత్రం వేలు పెడితే ఉలిక్కిపడేటట్లున్నాయి. "అమ్మా, మీరు పళ్ళు కరచుకుంటారా?" అని అడిగితే, "అబ్బే, లేదండీ" అన్నారు. అందరూ ఆ మాటే అంటారు. అబద్ధం కాదు, తెలియదు.

అంచేత ఆమెకు ఎర్ర బొట్టుబిళ్ళలు కొన్ని ఇచ్చి, గేదెను కట్టే రాటకు ఒకటి, పొయ్యి పక్క గోడకు ఒకటి, పాల క్యాను మూతకు ఒకటి, తలుపుకు ఒకటి అంటించమన్నాము. ఆ బొట్టు కంటబడినప్పుడల్లా, ఆ క్షణాన పళ్ళు కలిసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా అని మాత్రం చూసుకోవాలి. పదిరోజులకు వచ్చి ఆమె చెప్పిన మాట మాకింకా గుర్తుంది: "రాట దగ్గర చూసినప్పుడల్లా కరచుకునే ఉన్నానండీ. చేతులు పితుకుతుంటే దవడ కూడా పితుకుతోంది." అంతకంటె బాగా మేము రోగనిర్ణయం చేయలేము. మాత్రలు తగ్గించి, మేము చెప్పబోయే పద్ధతులు పాటించిన రెండు నెలలకు రోజూ వచ్చే నొప్పి పది పన్నెండు రోజులకొకసారికి తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పము. పోయిన దంతాలు రెండూ తిరిగి రాలేదు.

ఆమె దంతాలు ఎందుకు పోయాయో తెలియాలంటే కొంచెం చరిత్ర చెప్పాలి. అమెరికాలో సెయింట్ లూయీ నగరంలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఉండేవాడు. వెనుక దంతాలు పోయినవారికి దవడ మితిమీరి మూసుకుపోయి, కీలు వెనక్కు నొక్కుకుని, చెవిపోటు, తలనొప్పి వస్తాయని 1934లో రాశాడు. చెవి బాధకు దవడ కారణం కావచ్చునన్నది మంచి గమనికే. కాని కీలు వెనక్కు వచ్చి నరాలను నొక్కుతుందన్న ఆయన వివరణ తరువాత శరీర నిర్మాణ పరీక్షలో నిలవలేదు. ఈలోగా పళ్ళ పొందికలోనే సమస్తమూ ఉన్నదనే నమ్మకం మాత్రం లోకమంతా పాకిపోయింది. దానితో మంచి పళ్ళను అరగదీయడం, తొడుగులు వేయడం, పీకడం చాలాకాలం సాగింది. ఇప్పుడు తెలిసిందేమిటంటే, వంకర పళ్ళున్నా ఏ నొప్పీ లేనివారు కోట్లమంది, చక్కని పలువరుస ఉండి కూడా దవడనొప్పితో బాధపడేవారు ఎందరో. పళ్ళ పొందిక ఒక కారణం కావచ్చు. కండ బిగువు, నిద్రలేమి, మనోవేదన, దెబ్బలు, కీళ్ళవాతం ఇవన్నీ కూడా కారణాలే.

పొందిక నేరుగా దోషి అయ్యే సందర్భాలూ ఉన్నాయి. కొత్తగా సిమెంటు నింపిన పన్ను, లేక కొత్త తొడుగు, తక్కిన పళ్ళకంటె ఎత్తుగా ఉండి ముందుగా తగిలితే నాలుగు రోజుల్లో ఆ పన్నూ దవడా నొప్పి పెడతాయి. సర్దుకుంటుందిలే అని ఊరుకోకుండా వేసినవారి దగ్గరికే వెళ్ళి ఎత్తు తగ్గించమనండి. అయిదు నిముషాల పని. పెట్టుడు పళ్ళు ఏళ్ళ తరబడి అరిగి చదునైపోయినా, పుచ్చుపన్ను నొప్పికి భయపడి ఒక పక్కనే నమిలినా దవడ అలసిపోతుంది. జ్ఞానదంతం సగం పైకి వచ్చి వాచినా నోరు తెరవడం కష్టమవుతుంది. వీటికి వైద్యం సూటిగా ఉంది.

అంచేత మేము మీకు చెప్పదలచినది ఇదీ: తిరిగి సరిచేసుకోగల వైద్యం ముందు, తిరిగి తెచ్చుకోలేనిది చివర, అదీ కారణం రుజువయితేనే. సంఘంలో పాలను కంటితో చూసి ధర కట్టనివ్వరు మీరు. వెన్న శాతం తీసి తీరాలంటారు. మీ పన్ను విషయంలో కూడా అంత గట్టిగా ఉండండి. "ఈ పన్నే కారణమని ఎలా తెలిసింది? ఎక్స్‌రేలో ఏముంది?" అని అడగడం మీ హక్కు. తలనొప్పి తగ్గుతుందని మంచి పన్ను తీస్తానన్నా, పలువరుస మొత్తం అరగదీస్తానన్నా ఆగి, ఇంకొకరిచేత చూపించుకోండి.

ఇంటి దగ్గర చేసుకునేవి ఏమిటంటే, మొదటిది పళ్ళు విడిగా ఉంచడం. 'ల' అక్షరం పలకబోయి ఆగినప్పుడు నాలుక కొన ఎక్కడ ఆనుతుందో అక్కడ ఉంచండి, పెదవులు కలపండి, పళ్ళు వదలండి. బొట్టుబిళ్ళ చూసినప్పుడల్లా ఈ పని. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, మిగతా వైద్యమంతా దీని వెనకే. రెండు మూడు వారాలు మెత్తని భోజనం చేయండి: పెరుగన్నం, ముద్దపప్పు, ఇడ్లీ, మెత్తగా ఉడికిన కూర. ఆ మూడు వారాలు చెరుకుగడ, జంతికలు, ఎండుకొబ్బరి, వేయించిన శనగలు, మాంసంలో ఎముకలు మానండి. కొరికేది ఏదైనా ముక్కలు చేసుకుని, రెండు పక్కలా నమలండి. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డ దవడకూ కణతకూ పదిహేను ఇరవై నిముషాలు, రోజుకు రెండు మూడుసార్లు పెట్టండి. చర్మం కాలకుండా చూసుకోండి. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించండి. నాలుక అంగిట్లో ఉంచి నోరు మెల్లగా, నొప్పిలేనంత మేర, ఆరుసార్లు తెరచి మూయండి. రోజుకు నాలుగైదు విడతలు. బోర్లా పడుకోవడం, గడ్డానికి చెయ్యి ఆనించి కూర్చోవడం తగ్గించండి. ఎక్కువమందికి కొన్ని వారాల్లో ఈపాటితోనే నెమ్మదిస్తుంది.

నెమ్మదించకపోతే దంతవైద్యులు పళ్ళ అచ్చు తీసి, గట్టి ప్లాస్టిక్‌తో ఒక పలక చేసి ఇస్తారు. రాత్రిపూట పళ్ళకు తొడుక్కుని, పొద్దున తీసి కడిగి పెట్టుకోవాలి. పళ్ళు నూరేవారికి అరుగుదల ఆపడానికి ఇది మంచిది. నొప్పి తగ్గించడంలో దీని శక్తిపై మాత్రం వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. దీర్ఘకాలపు దవడనొప్పిపై 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు దవడ వ్యాయామాలకు, నొప్పిని ఎదుర్కొనే మానసిక శిక్షణకు పెద్దపీట వేసి, పలకను వెనక్కు నెట్టాయి. మాకు తెలిసినంతలో కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. పనిచేయకపోతే తీసి పక్కన పెట్టవచ్చు. పీకిన పన్నును అలా పెట్టుకోలేము. పలక వేయించుకుంటే పళ్ళ పొందిక మారకుండా మధ్యమధ్య చూపించుకోవాలి. అంగడిలో తయారుగా దొరికేవి కొనవద్దు. శస్త్రచికిత్స అవసరమయ్యేది చాలా కొద్దిమందికే.

మాత్రల సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. తలనొప్పి మాత్ర నెలలో పదిహేను రోజులు, అలా మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రే కొత్త తలనొప్పిని పుట్టిస్తుంది. రెండు మూడు మందులు కలిపిన మాత్రలయితే నెలకు పది రోజులు చాలు. అంతేకాక, వాపు, నొప్పి తగ్గించే మాత్రలు విడవకుండా మింగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు; ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగని మనిషికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మన మెట్ట ప్రాంతంలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను కుంగదీసిందో మీకు తెలుసు. అక్కడి జబ్బు మాత్రలవల్ల వచ్చిందని మేము అనడం లేదు. అటువంటి జబ్బు ఉన్న గడ్డ మీద మూత్రపిండాల మీద ఇంకొక బరువు వేయవద్దని మాత్రమే అంటున్నాము.

పాల కార్డులో పొద్దున, సాయంత్రం లెక్క రాయించుకునే అలవాటు మీకుంది. అదే పద్ధతిలో ఒక చిన్న పుస్తకంలో నెలరోజులు తలనొప్పి లెక్క రాయండి: ఏ పూట వచ్చింది, ఏ పక్క, ఏం తిన్నాక, ఎన్ని మాత్రలు వేసుకున్నారు. రాయడం రాకపోతే పిల్లలచేత రాయించండి. వైద్యుడికి ఆ పుస్తకం ఏ స్కానింగుకన్నా ఎక్కువ చెప్తుంది.

కొన్ని నొప్పులకు మాత్రం బొట్టుబిళ్ళలూ కాపడాలూ పెట్టుకుంటూ కూర్చోకూడదు. ఒక్కసారిగా పిడుగు పడ్డట్లు వచ్చిన తలనొప్పి. జ్వరం, మెడ బిగుసుకోవడం. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం: వెంటనే ఆసుపత్రి. నడుస్తున్నప్పుడో బరువెత్తినప్పుడో దవడ లాగి, ఛాతీ పట్టేసి, చెమటలు పడితే అది గుండె కావచ్చు. యాభై దాటినవారికి కొత్తగా కణతలో నొప్పి వచ్చి, నాలుగు ముద్దలు నమలగానే దవడ సలిపి, చూపు మసకబారితే ఆలస్యం చేస్తే చూపే పోవచ్చు. ఇది అరుదు, కాని తెలిసి ఉండాలి. పేడ, మట్టి తగిలిన గాయం అయిన కొన్ని రోజులకు దవడలు బిగుసుకుని నోరు తెరుచుకోకపోతే ధనుర్వాతం అనుకోండి. కొట్టంలో పనిచేసే మనందరికీ ఆ టీకా సకాలంలో పడి ఉండాలి. అన్నట్లు, వక్కపొడి, గుట్కా నమిలేవారికి నొప్పి పెద్దగా లేకుండానే నోరు ఏడాదికేడాది మూసుకుపోతుంది. మీ వేళ్ళు మూడు నిలువుగా ఒకదానిపై ఒకటి పెట్టి నోట్లో పట్టించి చూడండి. పట్టకపోతే, బుగ్గల లోపల తెల్లగా, నారపట్టినట్లు ఉంటే వెంటనే చూపించుకోండి. అది క్యాన్సరుకు దారి తీసే జబ్బు.

ఎక్కడికి వెళ్ళాలి? ముందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో దంతవైద్యులు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కోండి. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. నందిగామ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి సుమారు 80. గన్నవరం దగ్గర చిన అవుటపల్లిలోనూ, తెలంగాణ వైపు ఖమ్మంలోనూ దంత కళాశాలలు ఉన్నాయి. పొద్దుటి పాలు పోసి బస్సెక్కితే సాయంత్రం పితుకుడు వేళకు తిరిగి రావచ్చు. వెళ్ళేటప్పుడు తలనొప్పి పుస్తకం, వాడిన మాత్రల ఖాళీ అట్టలు, పాత ఎక్స్‌రేలు, పెట్టుడు పళ్ళుంటే అవీ తీసుకెళ్ళండి.

ప్రసంగం అయిన తరువాత ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇక్కడ చేర్చుతున్నాము. అది చాలా ఇళ్ళలోని ప్రశ్న. "మా ఆరేళ్ళ పిల్లవాడు రాత్రి పళ్ళు పటపట నూరుతాడు, కడుపులో నులిపురుగులున్నట్లేనా?" అని. నులిపురుగులకూ పళ్ళు నూరడానికీ సంబంధం ఉందని గట్టి రుజువు లేదు. పాలపళ్ళ వయసులో చాలామంది పిల్లలు నూరుతారు, పెద్దయ్యేకొద్దీ చాలామందికి అదే పోతుంది. నోరు తెరచి గురకపెట్టి నిద్రపోతుంటే గొంతు, ముక్కు వైద్యుడికి చూపించాలి. పొద్దున్నే దవడనొప్పి, తలనొప్పి అంటే దంతవైద్యుడికి. నులిపురుగుల మాత్ర అంగన్‌వాడీలోనూ బడిలోనూ ఎలాగూ ఇస్తున్నారు, ఆ రోజు పిల్లవాడిని బడి మాన్పించకండి. అది పళ్ళ కోసం కాదు, వాడి ఒంట్లో రక్తం కోసం.